వేడిక్కై వేరు, వేడుక వేరు



వేసవి సెలవుల్లో మన పిల్లలకు ఒక తెలుగు సినిమా చూపించాలని కమిటీ అనుకున్న దగ్గర నుంచి గ్రూపులో నడుస్తున్న వాదన అందరూ చూస్తూనే ఉన్నారు. సైన్సు సినిమా అయితే బాగుంటుందని ఒకరు అన్నారు. అంతవరకు గొడవ లేదు. 'ఆదిత్య 369' పేరు రాగానే రెండు పక్షాలు తయారయ్యాయి. మొదటి పక్షం వారు, "ముప్పై ఏళ్ళు దాటిన సినిమా, ఆ ట్రిక్కులు చూసి పిల్లలు నవ్వుతారు, 'కల్కి' వేయండి, '2.0' వేయండి" అన్నారు. రెండో పక్షం వారు, "సినిమా అంటే కాలక్షేపం. విజ్ఞానం కావాలంటే కాలేజీ లెక్చరర్ ఎవరినైనా పిలిచి ఉపన్యాసం పెట్టించండి" అన్నారు.

పాత సభ్యులం కొందరం కూర్చుని ఈ సంగతి మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇక్కడ రాస్తున్నాం. పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి. కోపం వస్తే చివరిదాకా చదివాక రానివ్వండి.

మా మాట ఇది. రెండు పక్షాలూ చేస్తున్న తప్పు ఒక్కటే. సినిమాలో కంటికి కనిపించే హంగు ఒక తట్టలో, బుర్రకు పెట్టే పని ఇంకో తట్టలో ఉంటాయని, ఒకటి పెంచితే రెండోది తగ్గుతుందని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకరికి హంగు కావాలి, ఇంకొకరికి బుర్ర కావాలి. తక్కెడ ఉందన్న నమ్మకం మాత్రం ఇద్దరిదీ. ఆ తక్కెడే అబద్ధం అంటున్నాం మేము. మంచి దర్శకుడి చేతిలో కంటికి కనిపించేదే ఆలోచనను మోసుకొస్తుంది. బండికి ఇంజను వేరు, సరుకు వేరు, నిజమే. ఇంజను బరువు ఎక్కువైందని సరుకు పెట్టెలు విప్పేసి ఖాళీ ఇంజనునే సేలం నుంచి ఈరోడ్డుకు పరుగెత్తిస్తే, చూసేవాళ్ళకు బాగానే ఉంటుంది. ఈరోడ్డులో దించుకోవడానికి మాత్రం ఏమీ ఉండదు.

తమిళంలో 'వేడిక్కై' అంటారు, మనం 'వేడుక' అంటాం. మాటలు చుట్టాలే. కానీ వాడుకలో దారులు వేరయ్యాయి. వేడిక్కై అంటే రోడ్డు పక్కన నిలబడి చూసి వెళ్ళిపోయేది. వేడుక అంటే మనం లోపలికి వెళ్ళి కూర్చునేది. అందులో మనకూ ఒక పాత్ర ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే మిగతా వాదనంతా తేలికగా తేలిపోతుంది.

ముందు సింగీతం శ్రీనివాసరావు గారు ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో చూడండి. 1957లో మద్రాసు వాహినీ స్టూడియోలో కె.వి. రెడ్డి గారు 'మాయాబజార్' తీస్తున్నప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న కుర్రవాడు ఈయన. ఆ సినిమా గురించి ఎవరిని అడిగినా ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళడం, మార్కస్ బార్ట్‌లే గారి కెమెరా పనితనం చెబుతారు. మేము ప్రియదర్శిని పెట్టె గురించి అడుగుతున్నాం. మూత తీసి చూస్తే, ఎవరి మనసులో ఏది ప్రియమో అది కనిపించే పెట్టె. బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తాడు. రేవతికి నగలు కనిపిస్తాయి. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు చూస్తే శకుని కనిపిస్తాడు! అది ట్రిక్కా, ఆలోచనా? రెండూ. ఆ పెట్టె లేకుండా అదే సంగతి చెప్పాలంటే నాలుగు సీన్ల సంభాషణ కావాలి. ఆ ట్రిక్కే నలుగురి మనసులూ విప్పి మన ముందు పెట్టింది. కృష్ణుడికి శకుని ఎందుకు ప్రియమని మనం ఇంటికి వెళ్ళాక కూడా ఆలోచిస్తాం. వేడుక అంటే అది.

ఆ బడిలో చదివిన మనిషి 1991లో 'ఆదిత్య 369' తీశారు. హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన 'టైమ్ మెషీన్' నవల చదువుకునే రోజుల్లోనే తన మనసులో పడిందని ఆయనే చెప్పారు. బాలసుబ్రహ్మణ్యం గారి సమర్పణ, జంధ్యాల గారి మాటలు, ఇళయరాజా గారి సంగీతం. కెమెరా ముగ్గురు పట్టారు: పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్. తమిళంలో 'అపూర్వ శక్తి 369' అని వచ్చింది కాబట్టి తెలుగు రాని మన ఇరుగుపొరుగు వాళ్ళు కూడా కొందరు చూసే ఉంటారు.

కథ అందరికీ తెలిసిందే. ఒక ప్రొఫెసర్ కాలయంత్రం చేస్తాడు. హీరో, హీరోయిను, ఒక పోలీసాయన పొరపాటున అందులో పడి 1526కు, శ్రీకృష్ణదేవరాయల విజయనగరానికి వెళ్తారు. అక్కడి నుంచి 2504కు వెళ్తారు. ఇక్కడ మ్యూజియంలో ఉన్న రాయల కాలం నాటి వజ్రం మీద ఒక దొంగ పెద్దమనిషి కన్ను ఉంటుంది. ఆ వజ్రమే మూడు కాలాలకూ దారం.

ఇందులో ఆలోచన ఎక్కడుందని ఒక సభ్యుడు అడిగారు. చెబుతాం.

మొదటిది. మన స్వర్ణయుగం అని చెప్పుకునే కాలానికే దర్శకుడు హీరోను పంపించాడు. పంపించి ఊరికే దండం పెట్టించి తీసుకురాలేదు. అక్కడ రాయల సభ ఉంది, తెనాలి రామకృష్ణుడు ఉన్నాడు, సంగీతం ఉంది, నాట్యం ఉంది. దాంతోపాటు అసూయ ఉంది, కుట్ర ఉంది, ప్రాణం మీదికి వచ్చే శిక్షా ఉంది. బంగారు కాలంలో కూడా మనుషులు మనుషులే. ఈ మాటను ఉపన్యాసంగా చెబితే మన సంఘంలో సగం మంది లేచి వెళ్ళిపోతారు. సినిమాలో చెబితే నవ్వుతూ కూర్చుని విన్నారు.

రెండోది. హీరో కృష్ణకుమార్, రాజు కృష్ణదేవరాయలు ఇద్దరూ ఒకే నటుడు, బాలకృష్ణ. ద్విపాత్రాభినయం తెలుగు సినిమాకు కొత్త కాదు, అదొక హంగు. కానీ ఇక్కడ ఒకే ముఖం సింహాసనం మీద ఒకటి, కింద నేల మీద ఒకటి. కాలం మారితే నువ్వూ రాజువే, కాలం మారితే నువ్వూ ముద్దాయివే అని ఒక్క మాట అనకుండా చూపించారు.

మూడోది, అసలైనది. 2504లో ఏం చూపించారు? ఎగిరే కార్లు, వెలిగే మేడలతో సరిపెట్టలేదు. మూడో ప్రపంచ యుద్ధం జరిగిపోయింది. అణుధార్మికత వల్ల భూమి పైన బతకలేక మనుషులు నేల కింద బతుకుతున్నారు. 1526లో ఆకాశం కింద, గుర్రాల మధ్య, తోటల మధ్య ఉన్న మనుషులు వెయ్యేళ్ళు కూడా గడవకముందే పందికొక్కుల్లా బొరియల్లోకి వెళ్ళిపోయారు. సైన్సు పెరిగింది, ఆకాశం పోయింది. చెర్నోబిల్ ప్రమాదం జరిగి అప్పటికి అయిదేళ్ళే. ఆ భయం అప్పటి మనుషులకు వట్టి కథ కాదు. ముందు విజయనగరం వెలుగు చూపించి, వెంటనే ఆ నేలమాళిగ చూపించారు చూడండి, ఆ వరస ఉంది కదా, అదే ఆలోచన. సెట్టింగు మార్చడమే వాదన. ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పగలిగితే ఎవరైనా చెప్పండి.

ఇందులో లోపాలు లేవని మేము అనడం లేదు. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పరు, దీపాలు వెలుగుతాయి, చక్రాలు తిరుగుతాయి, అంతే. గతంలోకి వెళ్ళి ఒక చిన్న పని మారిస్తే వర్తమానం ఏమవుతుందన్న ప్రశ్నను గట్టిగా పట్టుకోలేదు. పాటలు, ఫైట్లు మామూలు లెక్క ప్రకారమే వస్తాయి. భవిష్యత్తు బట్టలు చూస్తే ఇవాళ నవ్వు వస్తుంది. పిల్లలు నవ్వుతారన్న మాట నిజమే. నవ్వనివ్వండి. నవ్విన తర్వాత ఏం అడుగుతారన్నదే లెక్క.

ఇక 'ఎందిరన్', మన 'రోబో'. 2010. శంకర్ గారి మీద మాకు పగ లేదు, మొదటే చెబుతున్నాం. మేము తమిళంలో చదువుకున్నవాళ్ళం. సైన్సు కథ అంటే మాకు మొదట తెలిసింది సుజాత గారి వల్లే. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా పనిచేసిన ఆ రచయిత ఆనంద వికటన్‌లో 'ఎన్ ఇనియ ఇయందిరా' రాస్తుంటే, జీనో అనే మరకుక్క మాట్లాడే మాటల కోసం వారం వారం కాచుకున్నవాళ్ళం. 'ఎందిరన్' మాటల్లో ఆయన చెయ్యి ఉంది. సినిమా విడుదలకు రెండేళ్ళ ముందే, 2008లో ఆయన పోయారు.

ఆ సినిమాలో ఒక సీను గుర్తు చేసుకోండి. మంటల్లో చిక్కుకున్నవాళ్ళను రోబో ఒక్కొక్కరినీ ఎత్తుకొచ్చి బయట పెడుతుంది. స్నానం చేస్తున్న ఒక అమ్మాయిని కూడా అలాగే, ఒంటి మీద బట్ట లేకుండా, జనం ముందుకు, కెమెరాల ముందుకు తెస్తుంది. ఆ పిల్ల సిగ్గుతో రోడ్డు మీదికి పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. ప్రాణం కాపాడమన్న ఆజ్ఞను యంత్రం అక్షరాలా పాటించింది. ప్రాణం పోయింది. మానం అనే మాట దానికి ఎవరూ నేర్పలేదు. ఈ సీనులో మంటలున్నాయి, ఎగరడం ఉంది, హంగు మొత్తం ఉంది. తెలివికీ వివేకానికీ తేడా ఏమిటన్న ప్రశ్నా ఉంది. ఇవాళ ఊరూరా కృత్రిమ మేధ అని మాట్లాడుతున్నారు. ఆ ప్రశ్నను మన పామర జనం ముందు 2010లోనే పెట్టి చప్పట్లు కొట్టించుకున్న సీను అది. చివర మ్యూజియంలో విడిభాగాలుగా పడి ఉన్న రోబోను, నిన్నెందుకు విప్పేశారని బడిపిల్ల అడిగితే, తనకు ఆలోచన రావడమే తన నేరమన్నట్టు జవాబిస్తుంది. అదీ బాగుంది.

మధ్యలో ఏం జరిగింది? వందల రోబోలు కలిసి బంతి అవుతాయి, పాము అవుతాయి, పెద్ద రాక్షసుడు అవుతాయి. ఎంతసేపు! మొదటి పది నిమిషాలు నోరు తెరిచి చూశాం. తర్వాత వాచీ చూశాం. మంటల సీనులో మన గుండె ఉంది. ఇక్కడ మన కళ్ళు మాత్రమే ఉన్నాయి. ఒకే సినిమాలో వేడుకా ఉంది, వేడిక్కైయీ ఉంది. అందుకే తక్కెడ అబద్ధం అంటున్నాం. ఆ దర్శకుడికే రెండూ కలపడం చేతనైంది, ఆయనే తర్వాత వదిలేశారు.

2018లో '2.0' వచ్చేసరికి పూర్తిగా వదిలేశారు. సెల్‌ఫోన్ తరంగాల వల్ల పక్షులు చచ్చిపోతున్నాయని గోలపెట్టే ముసలి పక్షిశాస్త్రజ్ఞుడు. ఎవరూ వినరు. టవరుకే ఉరి వేసుకుంటాడు. ఎంత బలమైన మొదలు! టవర్ల వల్లే పక్షులు పోతున్నాయన్నది శాస్త్రం తేల్చిన మాట కాదు. అదే సినిమాకు దొరికిన వరం. తేలని విషయంలో మనిషి ఎంత జాగ్రత్తగా ఉండాలి, లాభం చూసుకునేవాడిదా రుజువు చేసే బాధ్యత, నష్టపోయేవాడిదా అని అడగవచ్చు. అడగలేదు. ప్రశ్న అడిగిన మనిషినే ఫోన్లతో చేసిన రాక్షసపక్షిగా మార్చి, స్టేడియంలో ఫైటు పెట్టి, మట్టుబెట్టి, చివర్లో రెండు మంచి మాటలు చెప్పి పంపించేశారు. ప్రశ్న అడిగినవాడు దయ్యం, తన్నినవాడు హీరో! పిల్లలకు నేర్పేది ఇదా?

'కల్కి 2898 ఏడీ' గురించి కూడా చెప్పాలి, లేకపోతే కుర్రకారు ఊరుకోరు. నాగ్ అశ్విన్ గారికి పెద్దల మీద గౌరవం ఉంది. సింగీతం గారిని మార్గదర్శిగా పెట్టుకున్నారు. నీళ్ళు ఎండిపోయిన లోకంలో చివరి ఊరుగా కాశీ. దానిపైన గాలిలో ఉన్నవాళ్ళ లోకం. పేరు లేకుండా ఒక నంబరుతో పిలిచే గర్భిణి. ఇవన్నీ ఆలోచన ఉన్న బొమ్మలే. పైన ఉన్నవాడి సుఖం కోసం కింద ఉన్నవాడి కడుపు కొల్లగొట్టడం కంటే పెద్ద విషయం ఏముంటుంది? కానీ హీరో గారు వచ్చి, కారుతో సరసాలాడి, ఫైటు మీద ఫైటు చేసేసరికి ఆ గర్భిణిని మనం మరిచిపోతాం. ఆమె సినిమా కావలసింది, ఆయన సినిమా అయింది. రెండో భాగంలో సర్దుకుంటారేమో చూద్దాం. మొదటి భాగానికి మా మార్కులు మాత్రం ఇవే.

ఇక్కడ అందరూ ఒక మాట అంటారు. "జనం చూశారు కదా! కోట్లు వచ్చాయి కదా! మాసు జనానికి ఇంతే కావాలి." అయ్యా, ఈ మాట మాకు ఒళ్ళు మండిస్తుంది. మాసు అంటే ఎవరు? మా నాన్నలు, మీ తాతలు. పొలాల్లో, మిల్లుల్లో, రైల్వే యార్డుల్లో పనిచేసి, నేల టికెట్టు కొనుక్కుని 'మాయాబజార్' చూసినవాళ్ళు. వాళ్ళకు ప్రియదర్శిని అర్థమైంది. సింగీతం గారు 1987లో ఒక్క మాట లేకుండా 'పుష్పక విమానం' తీస్తే అదీ అర్థమైంది. కన్నడంలో ఒక పేరు, తమిళంలో ఒక పేరు, హిందీలో ఒక పేరు పెట్టుకుని అన్ని ఊళ్ళలోనూ చూశారు. 1989లో 'అపూర్వ సహోదరర్గళ్'లో కమల్ హాసన్ పొట్టివాడిగా కనిపించినప్పుడు, ఎలా చేశారన్న వింత ఒక పక్క, వాడి ప్రేమ విఫలమైనప్పుడు కన్నీళ్ళు ఒక పక్క. ఆ జనానికి బుర్ర లేదని చెప్పినవాడు సినిమా తీసేవాడు, వాళ్ళు కాదు. బుర్ర లేదని చెప్పుకుంటే పని సులువవుతుంది. కథ మీద కూర్చోవలసిన ఆరు నెలలు మిగులుతాయి.

"హాలీవుడ్‌లో అయితే డబ్బుంటుంది, వాళ్ళు చేయగలరు" అని ఇంకో మాట. 2014లో వచ్చిన 'ఇంటర్‌స్టెల్లార్'లో జనం ఏడ్చిన సీను ఏది? డబ్బు పోసి చేసిన కృష్ణబిలం కాదు. ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయన్న లెక్క. తండ్రి తిరిగి ఓడలోకి వచ్చి, ఇరవై మూడేళ్ళ పాటు పిల్లలు పంపిన సందేశాలు ఒక్కసారిగా చూస్తాడు. ఆ సీనుకు కావలసింది ఒక తెర, ఒక ముఖం. మన సినిమాలో ఒక్క ఫైటుకు పెట్టే ఖర్చులో పదో వంతు చాలు. అక్కడ లెక్కే కన్నీళ్ళు తెప్పించింది. డబ్బు సంగతి ఎత్తకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇదంతా సినిమా పిచ్చి ముసలివాళ్ళ గోల అనుకోవద్దు. మన పిల్లల తెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? బడి నుంచి రాదు. 2006 చట్టం తర్వాత తమిళం అందరికీ తప్పనిసరి అయింది. తమిళం మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ భాషే మాకు చదువు చెప్పింది, ఉద్యోగం ఇచ్చింది. కానీ తెలుగు చెప్పే బడులు తగ్గిపోయాయన్నది కళ్ళ ముందున్న నిజం. ఇంట్లో తెలుగు అంటే "అన్నం తిన్నావా, ఫోను పక్కన పెట్టు" అంతే. మిగిలింది సినిమా ఒక్కటే. ఆ సినిమాలో తెలుగు వినిపించేది తొడకొట్టడానికి, సవాలు చేయడానికి, హీరోయిన్ను ఏడిపించడానికి మాత్రమే అయితే పిల్లలు ఏమనుకుంటారు? ఆలోచించడానికి తమిళం, ఇంగ్లీషు. అరవడానికి తెలుగు. ఇలా అనుకుంటున్న పిల్లలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. కాలం గురించి, యుద్ధం గురించి, యంత్రం గురించి తెలుగులో మాట్లాడవచ్చని ఒక్కసారైనా వాళ్ళ చెవిన పడాలి. జంధ్యాల గారి మాటల్లో, నవ్వుతూ పడితే ఇంకా మంచిది.

రాయల వంశవృక్షాలు గీసే మన పెద్దలకు కూడా ఒక మాట. మన కుటుంబాల్లో చాలా వరకు విజయనగరం కాలంలో, నాయకుల కాలంలో ఈ గడ్డకు వచ్చినవే. ఏటా రాయల ఫొటోకు దండ వేస్తాం, జై కొడతాం. ఆయన తెలుగులో రాసిన 'ఆముక్తమాల్యద' శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవి కథ అని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? తమిళ నేల మీది కథను తెలుగులో రాసిన రాజు మనకు ఫొటో అయిపోయాడు. దండ వేసిన ఫొటో వేడిక్కై. ఆ సినిమా రాయలను ఫొటోలోంచి దించి మాట్లాడించింది, నవ్వించింది, తీర్పు చెప్పించింది. హంపీ చూడటానికి బస్సు వేసుకుని వెళ్ళే ముందు పిల్లలు ఆ రాయలను చూడటం మంచిదా కాదా, మీరే చెప్పండి.

కాబట్టి కమిటీకి మా కోరిక. 'ఆదిత్య 369' వేయండి. కొత్త ప్రింటు 2025లో హాళ్ళకే వచ్చింది, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. ఉపన్యాసం వద్దు, ప్రొఫెసర్ వద్దు. సినిమా అయ్యాక అరగంట పిల్లలను మాట్లాడనివ్వండి, తెలుగులో. తప్పులు వచ్చినా ఫరవాలేదు, మధ్యలో తమిళం కలిసినా ఫరవాలేదు, ఎవరూ దిద్దకూడదు. మూడు ప్రశ్నలు చాలు. యంత్రం దొరికితే ముందుకు వెళ్తావా, వెనక్కి వెళ్తావా? నేల కింద బతకడానికి ఎవరు కారణం? ఆ వజ్రం ఎవరిది?

మూడో ప్రశ్నకు పెద్దలు కూడా జవాబు సిద్ధం చేసుకుని రండి. రాజుదా, మ్యూజియానిదా, తవ్వినవాడిదా? మా పాత సభ్యుల్లోనే దీని మీద ఇంకా తేలలేదు.

'కల్కి' కావాలన్న కుర్రవాళ్ళకు మేము అడ్డం కాదు. వచ్చే నెల అదీ వేయండి. అవే మూడు ప్రశ్నలు దానికీ వేయండి. జవాబులు వస్తే మేము ఓడిపోయినట్టే, సంతోషంగా ఓడిపోతాం. రాకపోతే ఏం లోటో పిల్లలే చెబుతారు, మేము చెప్పనక్కరలేదు.

జవాబులు రాసేవాళ్ళు దయచేసి తెలుగులో రాయండి. తెలుగు లిపి రాని వాళ్ళు తమిళ అక్షరాల్లో రాసినా చదువుకుంటాం.

సెలవు.